సేరు మీది గోపురం

ఆ బేసిన్ తెల్లది. అంచుల్లో పింగాణీ రాలిపోయి నల్లటి మచ్చలు పడ్డాయి. వెంకటసుబ్బమ్మ విత్తనాల షెడ్డు వాకిట్లో మూడు ఇటుకల మీద దాన్ని పెట్టించింది. వేరుశనగ కాయలు వలిచే ఆడవాళ్లు పద్నాలుగు మంది సాయంత్రం ఇళ్లకు పోయేముందు ఒకరి వెనక ఒకరు వచ్చి, చెంబులో నీళ్లు నోట్లో పోసుకుని, పుక్కిలించి అందులో ఉమ్మాలి. ఉమ్మిన నీళ్లలో తెల్లటి గింజ ముక్కలు తేలుతున్నాయేమో చూడాలి. చూసేది నేను.

ఆ పని నేను అడిగి తెచ్చుకోలేదు. డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న రోజులు. షెడ్డులో ఒక మూల కూర్చుని పగిలిన గింజలను జల్లెడ పట్టేదాన్ని. బేసిన్ వచ్చిన మొదటిరోజు వెంకటసుబ్బమ్మ నన్ను పిలిచి, "నీ కండ్లు మంచివి పాపా, చదువుకున్నదానివి. రోంత వంగి చూసి చెప్పు" అంది. నేను తల ఊపాను. నాకు మాటలు తక్కువ. తల ఊపడం ఎప్పుడూ సులభం.

పద్నాలుగు నోళ్లు ఒకే బేసిన్‌లో ఉమ్మినా అన్నీ కలిసిపోవు. వక్కాకు నమిలినవాళ్ల ఎరుపు, పంటి చిగుళ్లు వాచినవాళ్ల ఎరుపు వేరువేరుగా తెలిసేవి. మధ్యాహ్నం తిన్న సంగటి మెతుకులు, కొత్తిమీర ఆకు, తీగలా సాగే చొంగ. మే నెల ఎండకు రేకుల షెడ్డు పెనంలా కాగేది. బేసిన్ మీద ఈగలు లేచి మళ్లీ వాలేవి. నేను పైట చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంగి చూసి, "ఏం లేదు" అనేదాన్ని. ఉన్నప్పుడు కూడా అదే అనేదాన్ని. నాలుగు గింజలు నోట్లో వేసుకోకుండా పొద్దంతా కాయలు వలిచే మనిషి ఎక్కడైనా ఉంటుందా?

ఇది ఎలా మొదలైందో చెప్పాలి.

మా ఊరు పెనుకొండకు తొమ్మిది కిలోమీటర్లు. వెంకటసుబ్బమ్మ వాళ్లు తాతల నాటి నుంచి ఇక్కడి రైతులు. వాళ్ల దగ్గర చేత్తో వలిచిన విత్తనాలు దొరుకుతాయని రామగిరి, ధర్మవరం వైపు నుంచి కూడా రైతులు వస్తారు. యంత్రంలో వేస్తే గింజ మీది పొర గీరుకుపోతుంది, మొలక సరిగా రాదు. అందుకే ప్రతి ఎండాకాలం షెడ్డులో ఆడవాళ్లు కూర్చుని వలుస్తారు. కాయ మెత్తబడాలని ముందు నీళ్లు చల్లుతారు కాబట్టి గింజలను తూకం వేయరు. తడి గింజ కాటా మీద అబద్ధం చెబుతుందని వెంకటసుబ్బమ్మ వాళ్ల మామ కాలం నుంచే నియమం. సేరుతో కొలుస్తారు. మా వైపు పెద్ద సేరు అది, దాదాపు రెండు లీటర్లు. సేరు నిండిన తరువాత కూడా, గింజలు గోపురంలా లేచి, ఇంకొక్క గింజ వేస్తే జారి పడేదాకా పోయాలి. అప్పుడే అది ఒక సేరు. అంచు సమంగా కొలిస్తే పిసినారి కొలత అని నవ్వుతారు.

కొలిచేది పోతులయ్య. అరవై ఏళ్లవాడు. మొదటి సేరును ఒకటి అనడు, "లాభం" అంటాడు. ఆ తరువాత రెండు, మూడు అని పాటలా సాగిస్తాడు.

ఒక సంచి కాయలు వలిస్తే ఇరవై ఆరు సేర్ల గింజలు వస్తాయి. ఇది ఎవరూ రాసి పెట్టింది కాదు. కాయ బాగుంటే ఒక దోసెడు ఎక్కువ, పుచ్చులుంటే ఒక దోసెడు తక్కువ, అంతే. మా అవ్వ షంషాద్‌బీ నలభై ఏళ్లుగా ఆ షెడ్డులో వలుస్తోంది. ఇరవై ఆరు అనే అంకె ఆమెకు తన పేరు ఎంత తెలుసో అంత తెలుసు.

ఉగాది అయ్యాక పాత సేరు అడుగు తుప్పు పట్టి చిల్లు పడింది. వెంకటసుబ్బమ్మ దాన్ని హిందూపురంలో మా నాయనకు పంపి, అదే కొలతకు కొత్తది చేయించింది. మా నాయన జమాలుద్దీన్ అక్కడ రేకుల పని చేస్తాడు. గరాటులు, డబ్బాలు, నూనె కొలతలు, బొగ్గుల కుంపట్లు. కొత్త సేరు తళతళలాడుతూ వచ్చింది. ఆ వారం మొదటి సంచి కొలిస్తే ఇరవై నాలుగు. రెండో సంచి ఇరవై నాలుగు. ఎవరి సంచి కొలిచినా ఇరవై నాలుగే, మీద ఒక పిడికెడు.

పద్నాలుగు మందికీ ఒకేలా తగ్గితే అనుమానం ఎక్కడికి పోవాలి? అది ఇప్పుడు అడగడం తేలిక. అప్పుడు అందరూ ఎంతో కొంత తిన్నవాళ్లే. ఎవరి మనసులో వాళ్లు తిన్న గింజలు లెక్కపెట్టుకుని తల దించుకున్నారు. నరసక్క ఒక్కతే నోరు తెరిచింది. ఆమె పెద్ద మనిషి, పెద్ద నోరు.

"రెండు సేర్ల పచ్చి గింజలు తింటే నేను ఈడ కూర్చోనుంటానా సుబ్బమ్మక్కా? చెంబు పట్టుకోని చేను గట్టు మీద ఉంటా."

అందరూ నవ్వారు. వెంకటసుబ్బమ్మ కూడా నవ్వింది. మర్నాడు బేసిన్ వచ్చింది.

అవ్వకు బేసిన్ బాధ లేదు. మోకాళ్ల నొప్పులని ఆమె రెండేళ్లుగా సంచి ఇంటికే తెచ్చుకుని వలుస్తోంది. మా అరుగు మీద, మా కళ్ల ముందే. వలిచిన గింజలను అదే సంచిలో పోసి, మూతి కుట్టి, నా చేత మోయించుకుని షెడ్డుకు తెచ్చేది. ఆ సంవత్సరం ఆమె మొదటి సంచి కొలిచిన రోజు నేను జల్లెడ పడుతున్నాను. పోతులయ్య ఇరవై నాలుగు అని ఆగాడు. గోనె పట్టా మీద ఒక పిడికెడు గింజలు మిగిలాయి. అంతే.

అవ్వ అర్థం కానట్టు చూసింది. "ఇంగా రెండు ఉండాలప్పా" అంది మెల్లగా.

వెంకటసుబ్బమ్మ మంచం మీద నుంచి లేవలేదు. షెడ్డులో వలిచేవాళ్లు నోటితో తింటున్నారనుకోవచ్చు, ఇంటికి తీసుకుపోయేవాళ్ల సంగతి ఏమనుకోవాలని మిగతావాళ్లకు వినబడేలా అడిగింది. పోతులయ్యను పిలిచి అవ్వ తెచ్చిన సంచిని తిరగేసి దులపమంది. అతను దులిపాడు. పొట్టు రాలింది. తరువాత వెంకటసుబ్బమ్మ అవ్వ పైట కొంగు ముడి వైపు చూసింది. ఎవరూ ఏమీ అనకముందే అవ్వే ఆ ముడి విప్పి చూపింది. రెండు వక్కలు, నలిగిన పది రూపాయల నోటు, మోకాళ్ల మాత్రల అట్ట.

నాకు అన్నింటికన్నా ఎక్కువ అసహ్యం వేసింది ఆ చూపులకు. పద్నాలుగు మంది ఆడవాళ్లు తమ నోళ్ల సంగతి మర్చిపోయి అవ్వ కొంగు వైపు చూశారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. ఒక విధమైన తేలికదనం ఉంది. దొంగ దొరికింది, అది తాము కాదు.

"సేరు తప్పేమో పెద్దమ్మా" అన్నాను నేను. నా గొంతు నాకే వినబడలేదు.

అవ్వకు వినబడింది. నా వైపు గట్టిగా తిరిగింది. "ఆ సేరు నా కొడుకు చేసినాడు. అది తప్పు చెప్పదు" అంది.

ఇకపై ఇంటికి సంచి ఇచ్చేది లేదని, వలవాలంటే షెడ్డుకే వచ్చి అందరితో కూర్చుని, అందరితో నోరు కడుక్కుని పోవాలని వెంకటసుబ్బమ్మ చెప్పింది. అవ్వ కొంగు ముడి మళ్లీ వేసుకుని ఇంటికి వచ్చేసింది. ఆ సాయంత్రం కూడా నేను బేసిన్ మీద వంగి "ఏం లేదు" అన్నాను. నన్ను చూస్తే నాకే ఉమ్మేయాలనిపించింది.

ఇంటికి వచ్చేసరికి అవ్వ వంటింట్లోని వేరుశనగ గింజల డబ్బాను దిబ్బలో బోర్లించింది. అవి మేము అంగడిలో కొన్నవి. చట్నీకి. ఎవరైనా వచ్చి చూస్తే ఎక్కడివి అంటారని ఆమె భయం. "నలభై ఏండ్లు చేసినాను పాపా. ఒక్క మాట పడలేదు. ఇప్పుడు పోతే దొంగదాని మాదిరే పోతా" అంది. షెడ్డుకు పోనంది. పోకపోతే చేసినట్టు ఒప్పుకున్నట్టేనని కూడా ఆమే అంది. మూడు రోజులు అరుగు మీద ఖాళీ చేతులతో కూర్చుంది. ఆ చేతుల్లో కాయ లేకుండా నేను ఎండాకాలం ఎప్పుడూ చూడలేదు. బొటనవేలు, చూపుడువేలు వాటంతట అవే నొక్కుకునేవి.

నేను షెడ్డుకు పోతూనే ఉన్నాను. చూడడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఎవరూ పలకరించకపోతే గంటలు గంటలు చూస్తూ కూర్చోగలను. మూలన వలిచిన గింజల పెద్ద కుప్ప ఉండేది, నా నడుమంత ఎత్తు. పోతులయ్య సేరు మీద చిన్న కుప్ప కట్టేవాడు. రెండింటి వాలూ ఒకటే అని రెండో రోజు గమనించాను. నా జల్లెడ కింద పడే నూక గింజల కుప్ప కూడా దాదాపు అంతే వాలు. గింజలు ఎక్కడ పోసినా తమకు తెలిసిన ఒక వాలులోనే నిలుస్తాయి. అంతకన్నా నిటారుగా నిలబెట్టాలంటే జారిపోతాయి.

మా ఊరి హైస్కూల్లో లెక్కల సార్ ఒకసారి ఇసుక తెప్పించాడు. అట్టతో ఒక స్తూపం, అదే మూతి, అదే ఎత్తు ఉన్న ఒక శంకువు చేయించి, శంకువుతో ఇసుక ఎత్తి పోయమన్నాడు. మూడుసార్లు పోస్తే స్తూపం అంచు దాకా సరిగ్గా నిండింది. నాలుగోది పోస్తే ఏమవుతుంది సార్ అని ఎవరో అడిగారు. పోసి చూపించాడు. ఇసుక స్తూపం మీద కుప్పగా నిలిచింది, మిగతాది జారి ఆయన చెప్పుల మీద పడింది. నిలిచింది కూడా ఒక శంకువే అన్నాడు. అందరూ చెప్పులు చూసి నవ్వారు. నాకు ఆ నిలిచింది గుర్తుండిపోయింది.

పోతులయ్య భోజనానికి పోయినప్పుడు స్కేలు పెట్టి కొత్త సేరును కొలిచాను. మూతి పదహారు సెంటీమీటర్లు, లోతు తొమ్మిది. గింజలు పోసి, మధ్యలో పుల్ల గుచ్చి గోపురం ఎత్తు చూశాను. నాలుగు. పాత సేరు ఇంకా సన్నంగా, పొడుగ్గా ఉండేదని గుర్తు. కానీ గుర్తును నమ్మి ఎవరికీ ఏమీ చెప్పలేను. మర్నాడు పొద్దున హిందూపురం బస్సు ఎక్కాను.

నాయన గరాటుల అతుకులకు మాటు వేస్తున్నాడు. చుట్టూ రేకు శంకువులు బోర్లించి ఉన్నాయి. నన్ను చూసి అవ్వ సంగతి అడిగాడు. చెప్పాను. బేసిన్ గురించి, కొంగు ముడి గురించి కూడా. వింటూ చేతిలోని కాలిన మాటు కడ్డీ కిందికి దించలేదు.

"నేను నీళ్లతో కొలిచినా పాపా" అన్నాడు చివరికి. "పాతదాని చిల్లుకు సబ్బు అడ్డం పెట్టి నిండా నీళ్లు పోసి, దాన్ని దీంట్లో పోసినా. ఒక్క చుక్క తేడా ల్యా. సుబ్బమ్మ కొడుకు ఈడే నిలబడి చూసినాడు."

రేకుల పనివాళ్లు అన్నీ నీళ్లతోనే కొలుస్తారు. నూనె కొలతకు, కిరసనాయిలు కొలతకు అదే సరి. ఆయన తప్పు కొలత చేయలేదు. అదే నన్ను ఇంకా చిరాకు పెట్టింది.

మరి పాతది సన్నంగా ఉంటే కొత్తది వెడల్పుగా ఎందుకు చేశావని అడిగాను. ఆయన సంతోషంగానే చెప్పాడు. సన్నగా పొడుగ్గా చేస్తే చుట్టూ తిరిగే రేకు ఎక్కువ పడుతుంది. వెడల్పు చేస్తే అడుగు పెరిగినా చుట్టు రేకు అంతకంటే ఎక్కువ తగ్గుతుంది. పట్టే సరుకు అంతే, రేకు మాత్రం మిగులుతుంది. ముప్పై ఏళ్ల చెయ్యి, ఆ లెక్క ఏ పుస్తకమూ చూడకుండా ఆయనకు వచ్చు. మిగిలిన ముక్కతో అవ్వ తలనూనె సీసాకు చిన్న గరాటు చేసి పంపానన్నాడు. నాకు తెలుసు. అది మా వంటింటి మేకుకు వేలాడుతోంది.

పాత సేరు ఆయన తుక్కు కుప్పలోనే ఉంది. తీసి కొలిచాను. మూతి పన్నెండు, లోతు పదహారు. పక్క అంగడి నుంచి వేరుశనగ గింజలు ఒక చేటెడు అడిగి తెచ్చి పోశాను. గోపురం ఎత్తు మూడు. కాగితం తీసుకుని లెక్క వేశాను. రెండు సేర్ల పొట్టలూ సమానమే, అయిదు వందల డెబ్బై ఆరు పాళ్లు, ఒక్క గింజ తేడా ఉండదు. తేడా అంతా తలల్లో ఉంది. సన్నదాని మీద నిలిచే శంకువు ముప్పై ఆరు పాళ్లు అయితే, వెడల్పుదాని మీద నిలిచేది ఎనభై అయిదు. మూతి పెరిగితే గోపురం అడుగు పెరుగుతుంది, దానితో పాటు ఎత్తూ పెరుగుతుంది. పొట్టతో కలిపి పాత సేరు ఆరు వందల పన్నెండు పాళ్లు, కొత్తది ఆరు వందల అరవై ఒకటి. పాతదాంట్లో ఇరవై ఆరు కొలిస్తే, కొత్తదాంట్లో ఇరవై నాలుగు. మీద ఒక పిడికెడు మిగులుతుంది. గోనె పట్టా మీద మిగిలిన ఆ పిడికెడు నా కాగితం మీద కూడా మిగిలింది.

నాయనకు అంకెలు చూపనక్కరలేకపోయింది. అంగట్లో అదే కొలతకు చేసి పెట్టిన ఇంకో కొత్త సేరునూ పాతదాన్నీ గింజలతో పక్కపక్కన చూసి ఆయనే అన్నాడు, "పెద్ద మూతికి పెద్ద మూత పడతాది. నీళ్లు కుప్పగట్టి నిలబడవు కద, నాకు తోచల్యా."

గింజలను తిరిగి చేటలోకి ఒంపాడు. తరువాత ఆయన అన్న మాట నేను ఎదురుచూడనిది.

"ఎవురికీ చెప్పొద్దు పాపా. కొలత తప్పు చేసినాడని పేరొస్తే ఈ బజార్లో నా దగ్గర గరాటు కూడా ఎవురూ కొనరు. ఇట్లాటివి ఇంగా ఆరు పోయినాయి ధర్మవరం దిక్కు."

"అవ్వను దొంగ అన్నారు నాయనా."

"అన్నారు. మా అమ్మ కద, ఒక మాట పడితే ఏమాయ. ఇంట్లో మనిషి ఓర్చుకుంటాది."

మాటు వేసేటప్పుడు లేచే ఆమ్లం పొగ ముక్కులో మండుతోంది. ఎంత రేకు మిగిలిందో నేను లెక్క వేశాను. నాలుగు అగ్గిపెట్టెలు పక్కపక్కన పరిస్తే ఎంతో, అంత. దానికోసం పద్నాలుగు మంది ఉమ్ముతున్నారు, నేను వంగి చూస్తున్నాను. ధర్మవరం వైపు ఇంకా ఎన్ని బేసిన్లు ఉన్నాయో. పాత సేరు సంచిలో వేసుకుని లేచాను. ఆయన ఆపలేదు. చూడలేదు కూడా.

ఇంటికి వచ్చి అవ్వకు చెబితే ఆమె మొదట గట్టిగా ఊపిరి వదిలింది. ముఖం వికసించింది. మరుక్షణమే వాడిపోయింది. చెయ్యి పట్టుకుంది. "వద్దు. నన్ను దొంగ అంటే నేను ముసలిదాన్ని, పోతా. నా కొడుకు బతకాల" అంది. నాయన అన్నదీ ఈమె అన్నదీ ఒకే మాట. కానీ ఆయన నోట అది రోత పుట్టించింది. ఈమె నోట విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి తలకు నూనె పెట్టుకుందామని గరాటు తీసిన ఆమె, దాన్ని మళ్లీ మేకుకు తగిలించి, చేత్తోనే ఒంపుకుంది.

పొద్దున్నే ఆమెకు చెప్పకుండా పాత సేరుతో షెడ్డుకు పోయాను. వెంకటసుబ్బమ్మ కాఫీ తాగుతోంది. ఆడవాళ్లు అప్పుడే సంచులు విప్పుతున్నారు. ముందురోజు వలిచిన ఒక సంచి గింజలు కొలత అయిపోయి కట్టి ఉన్నాయి. ఇరవై నాలుగు, మీద ఒక పిడికెడు. పాత సేరుతో మళ్లీ కొలవమని పోతులయ్యను అడిగాను. అతను వెంకటసుబ్బమ్మ వైపు చూశాడు. ఆమె ముందు నీళ్లు తెప్పించింది. పాత సేరు అడుగు చిల్లుకు వేలు అడ్డం పెట్టి, దాని నీళ్లు కొత్తదాంట్లో పోయించింది. రెండూ సమానం.

"సమానమే కద. ఏం తేడా ఉండాదని పొద్దున్నే ఈ నాటకం?"

"నీళ్లు గోపురం కట్టవు పెద్దమ్మా" అన్నాను.

రెండు సేర్లూ తుడిచి, గింజలు గోపురం లేచేదాకా పోయించాను. చిన్న పుల్లతో ఒక్కొక్కదాని అంచు గీసి, పైనున్న గోపురాలను రెండు చేటల్లోకి విడివిడిగా తోశాను. చేటలు అందరికీ చూపించాను. ఒకదాంట్లో ఒక గుప్పెడు దాటి. ఇంకోదాంట్లో దోసిలి పట్టనంత. పోతులయ్య కిందికి వంగి చూసి, ఆ సంచి విప్పాడు. పాత సేరుతో మొదలుపెట్టి "లాభం" అన్నాడు. షెడ్డులో ఎవరూ కాయ నొక్కలేదు. ఇరవై నాలుగు దాటింది. ఇరవై అయిదు. ఇరవై ఆరు. పట్టా మీద పిడికెడు కూడా మిగలలేదు.

నరసక్క ముందు నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నెల దినాలు నా నోట్లో ఏముండాదో ఊరంతటికీ చూపిస్తిరి కదమ్మా" అంది. ఆ మాట వెంకటసుబ్బమ్మతో అన్నదో నాతో అన్నదో తెలియలేదు. నేను ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

వెంకటసుబ్బమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. షంషాద్‌బీని తప్పుగా అనుకున్నాను అంటుందని ఎదురుచూశాను. "చేసింది మీ నాయనే కదమ్మా. తప్పు మీ ఇంట్లోదే. నేనేమన్నా కావాలని చేసినానా?" అంది. ఆ తరువాత ఉదారంగా, షంషాద్‌బీని రేపటి నుంచి రమ్మను, ఇకపై సంచికి ఇరవై నాలుగే లెక్క పెట్టుకుందాం, కొత్త సేరు బాగా ఉంది కాబట్టి అదే ఉంటుంది అంది.

"బేసిన్ తీసేస్తారా పెద్దమ్మా?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "అది ఉండనీలే. దాని దోవన అది ఉంటాది. నోరు కడుక్కుంటే ఎవురికి నష్టం?"

అప్పుడు నాకు అర్థమైంది. మొదట ఆమెకు నిజంగానే అనుమానం ఉండి ఉంటుంది. ఈ నెల రోజుల్లో అనుమానం పోయి అలవాటు మిగిలింది. సాయంత్రం కాగానే పద్నాలుగు మంది వరసగా వచ్చి తన ముందు నోరు తెరవడం ఆమెకు బాగుంది. పెద్ద దొంగతనం ఏదీ లేదని తెలిసినా, ఆ వరస లేకపోతే ఆమెకు ఏదో తక్కువవుతుంది. ఆమె ముఖం మామూలుగానే ఉంది, నుదుట కుంకుమ, కాఫీ నురుగు అంటిన పెదవి. ఆ నురుగును చూస్తే నాకు బేసిన్ గుర్తొచ్చింది. ఇకపై వంగి చూసే పని నేను చేయనని చెప్పాను. నా ఇష్టమంది.

అవ్వ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. కొడుకు పేరు ఊళ్లో చెడిందని కోపం. రెండో రోజు సాయంత్రం నాయన ఫోన్ చేశాడు. నాతో కాదు, ఆమెతో. ప్యాసింజర్ రైలెక్కి ధర్మవరం పోయి, తాను అమ్మిన ఆరు సేర్లనూ అడుగుతూ తిరిగానని, నాలుగు దొరికాయని, మిగతా రెండు ఎవరు కొన్నారో తెలియడం లేదని చెప్పాడట. ఫోన్ పెట్టేశాక అవ్వ చాలాసేపు కొంగు ముడి కట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది. "రేపు పోతాను" అంది.

నేను కూడా వెంట పోయాను. ఆమె వెళ్లి తన పాత చోటే కూర్చుంది, కిటికీ పక్క. నరసక్క జరిగి చోటిచ్చింది. పొద్దంతా అవ్వ చేతులు కాయలు నొక్కుతూనే ఉన్నాయి. ఎవరో మధ్యలో వక్క ఇచ్చారు, తీసుకుంది. సాయంత్రం వెంకటసుబ్బమ్మ మంచం వాకిట్లోకి వేయించుకుంది. వరస కదిలింది. వంగి చూసేవాళ్లు లేకపోయినా ఒక్కొక్కరూ పుక్కిలించి ఉమ్మి పోతూనే ఉన్నారు. నెల రోజుల అలవాటు.

అవ్వ వంతు వచ్చింది. చెంబు ఎత్తి నిండా నీళ్లు నోట్లో పోసుకుంది. బుగ్గలు ఉబ్బాయి. బేసిన్ వైపు చూసింది, వెంకటసుబ్బమ్మ వైపు చూసింది, మెల్లగా గుటక వేసింది. ఇంకో గుటక. మెడ మీది నరాలు పైకీ కిందికీ కదిలాయి. నీళ్లు మొత్తం మింగి పైటతో పెదవులు తుడుచుకుంది.

"మంచి నీళ్లే సుబ్బమ్మా. పారబోయబుద్ధి కాలేదు" అంది.

అవ్వ వెనక నిలబడిన నరసక్క అప్పటికే నోటి నిండా నీళ్లు పట్టి ఉంది. నవ్వు ఆగక ఆ నీళ్లన్నీ ముక్కులోంచి, నోట్లోంచి బయటికి చిమ్మింది. సగం బేసిన్‌లో పడ్డాయి, సగం మంచం కోడు మీద. వెంకటసుబ్బమ్మ కాళ్లు పైకి లాక్కుంది.

అవ్వ అవేమీ చూడలేదు. వాకిలి దాటబోయి ఆగి, కొత్త సంచి ఎక్కడ పెట్టారని పోతులయ్యను అడిగింది. రేపు పెందలాడే వచ్చి మొదలుపెడతానంది.